వంక దారికి వేసిన దండోరా

పులివెందుల సంతలో దిల్షాద్‌బీ గాజుల మలారం విప్పుకుని మధ్యాహ్నం దాకా కూర్చుంది. ఒక్క చెయ్యీ ముందుకు చాచలేదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు అది. ఎండిన వాగులాంటి వంక దాటి అవతలి ఊరి ఆడవాళ్లు వస్తేనే ఆమెకు బేరం. ఆ వంకలో ఎవరిదో మేకపోతు పోయింది. జరిగింది అంతే. ఆ కబురు బస్సెక్కి వేంపల్లె దాకా పోయి తిరిగొచ్చేసరికి, పదిమంది దొంగలు గాజుల కోసం చేతులే నరుకుతున్నారన్నంత అయింది. ఆడవాళ్లు సంత మానేశారు.

ఆ అవతలి ఊరి పెద్ద ఆదినారాయణరెడ్డి మంచి మనసుతోనే దండోరా వేయించాడు.

"వంకలో దొంగల్లేరహో! ఎవురూ భయపడాకండహో!"

దాంతో మగవాళ్లూ మానేశారు. ఏమీ లేకుంటే రెడ్డి దండోరా ఎందుకు వేయిస్తాడు?

దిల్షాద్‌బీ మలారం భుజాన వేసుకుని, వంక దాటి, రెడ్డి అరుగు ముందు నిలబడింది.

"ఒక్కదానివే వచ్చినావా? వంకలో ఎవురన్నా అగపడినారా?" గబుక్కున అడిగాడు రెడ్డి.

"అగపడకేమప్పా! మా వీధి పిల్లోడు జిలానీ మేకలు మేపుకుంటాండాడు. నన్ను జూసి వాడే బెదిరినాడు."

అరుగు మీదివాళ్లు నవ్వారు. ఆమె నవ్వలేదు.

"దొంగ మేకపోతును కొట్టుకపోయినాడు. భయం సంతనే కొట్టుకపోయింది. ఇట్లే ఉంటే నేను మలారం మూలబెట్టి కూలికి పోవాల్సిందే."

"భయం లేదని చెప్పిస్తాండా గదమ్మే!"

"అట్లయితే వచ్చే సంతకు వనజమ్మను పంపు."

రెడ్డి గొంతు తగ్గింది. "మా ఇంటామెనా? ఆ దారినా? గాజులు ఈడ్నే తొడుగు, నాలుగు డజన్లు తీసుకుంటాం."

"ఈడ తొడగనప్పా. ఊరోళ్లు నీ దండోరా వినల్యా, నీ వాకిలి జూస్తాండారు."

లోపలి నుంచి వనజమ్మ వచ్చింది. "పంపేదేంది, నేనే పోతా. చింతపండు నిండుకొని ఎన్నాళ్లాయ!"

"సరే, కట్టెలిచ్చి ఇద్దరు మనుషుల్ని తోడు పంపుతా."

"కట్టెలోళ్లొస్తే అది ఇంగొక దండోరా," అంది వనజమ్మ.

సంతనాడు ఆమె గంప చంకన పెట్టుకుని నడివీధిలో నడిచింది. వాకిళ్లలో నిలబడి చూసిన ఆడవాళ్లలో ముందు ఒకామె చెంగు దోపుకుని బయల్దేరింది, వెనకే మరో ఇద్దరు. వంక చేరేసరికి మాటలతో దారంతా గోలగోల. వంకలో జిలానీ మేకలు తప్ప ఇంకేమీ లేవు.

సంతలో దిల్షాద్‌బీ వనజమ్మ చెయ్యి పట్టుకుని గాజులు ఎక్కిస్తోంది. "నాకు ముందు తొడుగుమే!" అంటూ చుట్టూ చేతులే.

చాలా వెనగ్గా, తప్పిపోయిన ఎద్దును వెతుకుతున్నట్టు అటూ ఇటూ చూస్తూ రెడ్డి వచ్చాడు. దిల్షాద్‌బీ తలెత్తకుండానే అడిగింది:

"ఏమప్పా, ఎద్దు దొరికినాదా?"