వీధిపోటు తలుపు

కోరుట్లలో ఆ సందు చివరి ఇల్లు మనుషులను మింగుతుంది. బస్సుల రోడ్డు మీంచి దిగిన సందు నేరుగా వచ్చి దాని గుమ్మానికే తగులుతుంది గనుక, అది వీధిపోటు ఇల్లు. కట్టించిన సాయిలును మింగింది, కొనుక్కున్న జలపతి తండ్రిని మింగింది, ఇక జలపతి వంతు. ఈ మాట నమ్మనివారు ఆ చుట్టుపక్కల లేరు. జలపతి తండ్రి ఎనభై దాటాక దగ్గుతో పోయాడు కదా అని ఎవరైనా అంటే, ఆ దగ్గు ఎక్కణ్నుంచి వచ్చిందని ఎదురడిగేవారు.

ఆ పేటంతా ఈ భయం గీసిన గీతల మీదే పెరిగింది. సందు వచ్చి తగిలిన ప్రతిచోటా గోడ ముఖం చాటేసేది, తలుపు పక్కకు తిరిగేది. తిరిగిన తలుపు కోసం ఇంకో సందు పుట్టేది; అది పోయి ఇంకెవరి గోడకో తగిలితే, ఆయనా తలుపు తిప్పేవాడు. తిప్పడానికి వీల్లేని జాగాలు ముళ్లకంపకు మిగిలాయి. పెళ్లిపిలుపులకు వచ్చిన పరాయి ఊరివాళ్లు తిరిగి తిరిగి బయలుదేరిన చోటికే చేరేవారు.

జలపతి తండ్రి మాత్రం గాలి వస్తుందని తలుపు తిప్పనీయలేదు. ఆ తలుపు వెనకే కోడలు, జలపతి భార్య బాలమణి కుట్టుమిషను పెట్టుకుంది. రోడ్డు మీంచి సందులోకి తొంగిచూసిన ఆడవాళ్లకు మొదట కనిపించేది ఆ మిషనే. బోర్డు లేకపోయినా జాకెట్ల మూటలు సందు వెంట వాటంతటవే నడిచివచ్చేవి.

పనికి మస్కట్ పోయిన జలపతికి పరంజా మీంచి పడి కాలు విరిగిందన్న కబురుతో ఆ తలుపుకు మూడింది. అతని అన్న కొమురెల్లి మేస్త్రీని మాట్లాడాడు. ముందు తలుపు ఇటుకలతో మూసేసి, వెనక మురుగు పారే మోరీ సందులోకి కొత్తది తెరవాలి. అటు గేదెలు తప్ప ఎవరూ నడవరు.

"బర్లు జాకెట్లు కుట్టిచ్చుకుంటయా బావా?" అని అడిగింది బాలమణి.

"పాణం పెద్దదా, జాకెట్లు పెద్దయా?" అన్నాడు కొమురెల్లి.

తలుపు మూసినాకే ఇంటికి వస్తానని జలపతి కూడా ఫోన్లో తేల్చేశాడు.

మేస్త్రీ ఇంకా రాకపోవడానికి కారణం తెలంగాణ కోసం సాగుతున్న సకల జనుల సమ్మె. సిమెంటు లారీలు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. బాలమణి రోజూ దీక్షా శిబిరంలో కూర్చుని నినాదాలిచ్చేది. సమ్మె గెలవాలని నోరు అంటుంటే, గెలిచిన మర్నాడే సిమెంటు వస్తుందని మనసు లెక్కపెట్టేది. ఇంటికి వచ్చి మిషను ముందు కూర్చుంటే దారం తెగేది. లేచి గుమ్మంలో నిలబడేది, మళ్లీ కూర్చునేది. బతుకమ్మ దగ్గరపడుతున్నా, కత్తిరించిన చేతులు జాకెట్లకు చేరలేదు.

సాయిలు ఎట్లా పోయాడని కనిపించిన వారినల్లా అడగడం మొదలుపెట్టింది. ఒకరు పాము అన్నారు, ఒకరు ఉరి అన్నారు, ఇంకొకరు నెత్తురు కక్కుకున్నాడన్నారు. ఇల్లు అమ్మి సిరిసిల్లకు వలసపోయి అక్కడే చనిపోయాడని మాత్రం అందరూ ఒప్పుకున్నారు. వదిలిపోయినవాణ్ని ఆ ఇల్లు సిరిసిల్ల దాకా వెంటపడి ఎట్లా చంపిందో ఆమెకు అంతుపట్టలేదు. అక్కడే ఉంటున్న సాయిలు భార్య సత్యవ్వనే అడగాలి. ఇల్లే చంపిందని ఆమె అంటే, తన తలుపు తానే మూయాలి. అలా ఒట్టు పెట్టుకుంది.

పక్కింటి గుల్షన్ బీ సిరిసిల్లలో చెల్లెలి ఇంటికి పోవాలని కొడుకు నజీర్‌ను పోరుతోంది. నజీర్ ఆటోలో బాలమణి కూడా ఎక్కింది. దారి పొడవునా బండరాళ్లు, నరికి పడేసిన చెట్లు, నడిరోడ్డు మీద వంటావార్పు పొయ్యిలు. పెద్దరోడ్డు మూసినవాళ్లే ఊరూరా లోపలి సందులు చూపించి పంపారు. కుక్కలు పడుకునే సందుల్లో బళ్లు బారులు తీరాయి. రుద్రంగిలో ఒకామె పెరటి దడి పీకేసి, సందు వైపు మిర్చీల మూకుడు పెట్టింది.

"నాలుగొద్దులు తొవ్వ మారితే ఇండ్లే అటు తిరుగుతున్నయి చాచీ," అంది బాలమణి.

"ఇల్లు కాదు బిడ్డా, కడుపు అటు తిరుగుతది," అంది గుల్షన్ బీ.

సిరిసిల్ల నేతవాడలో ఆటో దిగి బాలమణి నిలబడిపోయింది. సందులు ఒక్కటీ వంకర పోలేదు. సత్యవ్వ ఇల్లు చూపించిన ముసలామె కారణం కూడా చెప్పింది. చేతిమగ్గాల కాలంలో పడుగు నూలును సందు పొడవునా సాగదీసి గంజి పట్టించేవారు. వంకర సందులో నూలు సాగదు గనుక ఇళ్లే వరసకు ఒదిగాయి. మరమగ్గాలు వచ్చి ఆ పని పోయింది. సందులు మాత్రం లాగి కట్టిన పోగుల్లా నిలిచాయి. ప్రతి సందు చివరా ఒక ఇల్లు, దాని తలుపు బార్లా తెరిచి, సందునే చూస్తూ.

సత్యవ్వది అలాంటి చివరి ఇల్లే. బాలమణి వాకిట్లోనే ఆగింది. అలికిడికి గుమ్మంలోకి వచ్చిన మనిషి నుదుట ఎర్రటి బొట్టు ఉంది. బాలమణి ఆ బొట్టునే చూస్తూ ఉండిపోయింది.

"ఎవలు కావాలె?"

"కోరుట్ల నుంచి అచ్చిన. సాయిలు..."



"ఏమయ్యా, కోరుట్లోళ్లట," అని సత్యవ్వ లోపలికి కేకేసింది.

మీసాల మీద నూలుదుమ్ముతో ఒకాయన బయటికి వచ్చాడు. బాలమణి చెప్పిందంతా విని మీసాలు దులుపుకున్నాడు. ఈ గల్లీలో తనతో కలిపి నలుగురు సాయిలులు ఉండేవారనీ, మగ్గాలు ఆగిపోయిన ఏడాది వారిలో ఒకాయన ఉరేసుకున్నాడనీ, పేపర్లో పడి కోరుట్ల దాకా పోయిన పేరు ఆయనదనీ మెల్లగా చెప్పాడు. మరి ఇల్లెందుకు అమ్మావంటే, కోరుట్లలో మగ్గం పని దొరకలేదన్నాడు.

బాలమణి నజీర్ ఫోన్ నుంచి మస్కట్‌కు మిస్డ్ కాల్ ఇచ్చింది. అది తిరిగి మోగగానే ఏమీ చెప్పకుండా ఆయన చేతిలో పెట్టింది.

"జలపతీ," అన్నాడాయన, "కోరుట్లల మీ నాయినకు ఇల్లమ్మిన సాయిలును. సిరిసిల్లల ఉన్న. గీడ గూడ సందు చివరి ఇల్లే. బతికే ఉన్న."