హిమేనా నేల

సోమవారం పొద్దున్నే కాఫీ కప్పు పక్కన పెట్టుకుని పెదనాన్నకు ఫోన్ చేయడం పిరెట్ ఉద్యోగంలో భాగం. విదేశాల నుంచి కంపెనీలనూ ఇంజనీర్లనూ రప్పించడం రాజధాని టాలిన్‌లోని ఆమె ఆఫీసు పని. దేశం చూస్తే పదమూడు లక్షల మంది; చమురు లేదు, బంగారం లేదు. పావుగంటలో కంపెనీ పెట్టుకోవచ్చు, సంతకాలన్నీ ఫోన్లోనే. వచ్చి స్థిరపడినవాళ్ల పేరున కివిరాండ్ ఊరి ఒడ్డున, సముద్రంలోంచి కాస్త నేల పైకి లేస్తుంది; వెళ్లిపోయేవాళ్లది మునిగిపోతుంది. ఆ నేలలో గుంజ పాతి పేరు రాసేది పెదనాన్న ఎండెల్. చేపల పడవ అమ్మేశాక ఆయనకు అదే కాలక్షేపం.

"ఈ వారం ఏమైనా లేచిందా పెదనాన్నా?"

"లేవడం సంగతి దేవుడెరుగు. ఆ చిలీ అమ్మాయి హిమేనా నేల మునుగుతోంది. నిన్నటికే చీలమండల దాకా నీళ్లు."

పిరెట్ కాఫీ కప్పు పక్కకు నెట్టేసింది. హిమేనాది అన్నిటికన్నా పెద్ద నేల. సముద్రం కింద కేబుళ్లు ఎక్కడ దెబ్బతిన్నాయో కనిపెట్టే కంపెనీ, ముప్పై మంది సిబ్బంది. ఆ నేల మీద అప్పుడే జూనిపర్ మొక్కలు కూడా మొలిచాయి.

"ఆ అమ్మాయిని ఎప్పుడైనా శనివారం ఆవిరిస్నానానికి మన ఆవిరిగదికి పిలిచావుటే?"

"ఆవిడ అడగలేదుగా."

"అడుగుతారుటే ఎవరైనా? నీ తెలివి తెల్లారినట్టే ఉంది!"

"మా దేశంలో మిమ్మల్ని ఎవరూ కదిలించరు" అని పిరెట్ అందరికీ గర్వంగా చెబుతుంది. పక్కింటి తలుపు తట్టకపోవడమే ఇక్కడ మర్యాద. కానీ కిందటి చలికాలం హిమేనా ఒక సందేశం పెట్టింది, శనివారాలు మీరంతా ఏం చేస్తారని. ఎందుకు అడిగిందో పిరెట్‌కు తెలియక కాదు. ఆవిరిగది బల్ల మీద ఇంకొకరికి చోటు కూడా ఉంది. కొత్త మనిషితో ఏం మాట్లాడతాంలే అని బద్ధకించి, మ్యూజియంల జాబితా ఒకటి పంపి ఊరుకుంది. అది తలుచుకుంటే ఇప్పుడు తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆ సాయంత్రం ముందుగా చెప్పకుండా వెళ్లి హిమేనా తలుపు తట్టింది. జన్మలో ఎవరింటికీ అలా వెళ్లి ఎరగదు. లోపలంతా అట్టపెట్టెలు.

"కంపెనీని అక్కడికి తరలించమని లిస్బన్ వాళ్లు పిలిచారు. పొద్దున్నే సంతకం పెట్టేశాను," అంది హిమేనా. "ఆదివారం నా విమానం. ఏడాదిన్నరలో ఈ తలుపు తట్టింది మీరొక్కరే. ఎవరూ కదిలించరన్నారు, మాట నిలబెట్టుకున్నారు."

తిట్టినా బాగుండేది. పిరెట్ కోటు కూడా విప్పకుండా నిలబడిపోయింది.

"శనివారాల గురించి అడిగారు కదా. ఎందుకడిగారో నాకు అప్పుడే అర్థమైంది. అర్థం కానట్టు నటించాను."

"నా నేల మునుగుతోందని ఇప్పుడు పరిగెత్తుకొచ్చారా?"

"అవును, అందుకే బయల్దేరాను. మెట్లెక్కుతుంటే సిగ్గేసింది. కంపెనీ ఎలాగూ పోయింది. అయినా ఈ శనివారం కివిరాండ్‌లో మా పెదనాన్న ఆవిరిగదికి రండి."

హిమేనా ఒక అట్టపెట్టె మూత మీద టేపు అతికించసాగింది.

శనివారం మధ్యాహ్నానికి ఆ నేలంతా మొక్కలతో సహా మునిగిపోయింది. మూడింటికి హిమేనా టాక్సీ దిగింది. ఎండెల్ ఆవిరిగది గుమ్మం దగ్గర ఆమె చేతికి బిర్చ్ కొమ్మల కట్ట ఇచ్చి, వీపు మీద ఎలా కొట్టుకోవాలో చూపించాడు.

"మా పిరెట్‌కు కూడా నాలుగు తగిలించమ్మా, పుణ్యముంటుంది," అన్నాడు.

హిమేనా మొహమాటపడకుండా తగిలించింది. పిరెట్ వీపు వంచింది. ఇంకో నాలుగు పడినా న్యాయమేననుకుంది.

ఒళ్లు కాలిపోతుంటే ఆనవాయితీ ప్రకారం ఇద్దరూ సముద్రంలోకి పరుగెత్తారు. చలికి పిరెట్ నడుములోతులోనే వెనక్కి తిరిగి ఒడ్డుకొచ్చి, తువ్వాలు అందుకుంది. హిమేనా ముందుకు పోయేకొద్దీ నీళ్లు మోకాళ్లకు, తర్వాత చీలమండలకు దిగాయి. ఆమె కాళ్ల కింద రెండు పాదాలు పట్టేంత బండ లేచింది.

"ఇది ఏ కంపెనీది?" అని అరిచింది.

"కంపెనీది కాదమ్మా, నిలబడ్డవాళ్లది," అన్నాడు ఎండెల్, ఒడ్డున కొత్త గుంజ వెతుక్కుంటూ.

పళ్లు టకటక కొట్టుకుంటున్నా హిమేనా దిగలేదు. చాలాసేపు కాళ్లకేసి చూసుకుంది.

"లిస్బన్ వాళ్లకు ఫోన్ చేయాలి. ముప్పై మందే వస్తారని, నేను రానని చెప్పాలి," అంది చివరికి.

పిరెట్‌కు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఆ ముప్పై మందిలో ఒక్కరి పేరైనా తనకు తెలియదని అప్పుడు తట్టింది. తువ్వాలు తల మీద పెట్టుకుని మళ్లీ నీళ్లలోకి దిగింది.

"వాళ్లెప్పుడు వెళ్తున్నారు?"

"నెలాఖరుకి."

"వాళ్ల పేర్లు చెప్పండి," అంది పిరెట్.