గుమ్మడికాయ కొట్టని సినిమా

వంట ముగించి, పొయ్యిగట్టు తుడిచి, తడి చేతులు కొంగుకు ఒత్తుకుంటూ నీలమ్మ హాల్లోకి వచ్చేసరికి శ్యామలాదేవి రెండు గ్లాసుల్లో కాఫీ పోసి కూర్చునేది. ఫిల్మ్ నగర్‌లో ఆ ఇంటి ముందు రోడ్డు మీద షూటింగ్ వ్యాన్లూ, మాధాపూర్ వెళ్లే కంపెనీ బస్సులూ ఒకదాని వెనక ఒకటి హారన్లు కొట్టుకుంటూ పోయేవి. కాఫీ తాగినంతసేపూ ఇద్దరూ కబుర్లు చెప్పుకునేవాళ్లు. ఒకామె ఆ ఇంటి యజమానురాలు, ఇంకొకామె వంటమనిషి అన్న సంగతి ఆ కాసేపు ఇద్దరికీ గుర్తుండేది కాదు.

"మా అరుణ కొనిచ్చిన డీవీడీ ప్లేయర్ సతాయిస్తుంది టీచరమ్మా" అంది నీలమ్మ ఒక రోజు.

శ్యామలాదేవి బడి మానేసి చాలా ఏళ్లయింది. బడి మాత్రం ఆమెను మానలేదు.

"సతాయించడమంటే? బొమ్మ రావట్లేదా, మాట రావట్లేదా? విడివిడిగా చెప్పాలి."

"రెండూ వస్తయి. నడుమల ఆగుతది."

"అయితే విను. బొమ్మ రాకపోతే పసుపు వైరు చూడాలి. మాట రాకపోతే ఎరుపూ తెలుపూ. 'నో డిస్క్' అని చూపిస్తే డిస్క్ తిరగేసి పెట్టావన్నమాట, మెరిసే వైపు కిందికుండాలి. పళ్లెం బయటికి రాకపోతే వేలితో పీకకూడదు. ప్లగ్గు తీసి కాసేపాగి మళ్లీ పెట్టాలి. నడుమ ఆగిందంటే మరక. మెత్తటి పాతబట్టతో మధ్యలోంచి అంచుకు తుడవాలి. ముగ్గు తిప్పినట్టు తిప్పావో, గీతలు పడతాయి."

నీలమ్మ తలూపింది. మర్నాడు వచ్చి, "పాత చీర చింపి తుడిచిన. గాడనే ఆగింది" అంది.

"వేరే సినిమాలు ఆడుతున్నాయా?"

"మంచిగ ఆడుతున్నయ్."

"అయితే మిషన్‌కేం రోగం లేదు. ఆ డిస్క్ ఇలా పట్టుకురా, మా ప్లేయర్‌లో వేద్దాం. ఇక్కడా అక్కడే ఆగితే తప్పు డిస్క్‌ది."

నీలమ్మ తెచ్చింది. అక్కడే ఆగింది. పెళ్లి భోజనాల సీను. హీరో ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది. పెళ్లికూతురి చెంప మీద కన్నీటి బొట్టు సగం దారిలో నిలబడిపోయింది. వెనకాల పంక్తిలో మాత్రం భుజాన తువ్వాలుతో ఒక మనిషి సాంబారు బకెట్ పట్టుకుని, ఒక్కో ఆకు దగ్గరా వంగి వడ్డిస్తూ పోతున్నాడు. పంక్తి చివరికి వెళ్లి, మళ్లీ మొదటి ఆకు దగ్గరికి వచ్చాడు. అటూ ఇటూ ఎటు నడిచినా మనకు కనిపించేది అతని వీపే.

"మీ భిక్షం కదూ?" అంది శ్యామలాదేవి, కళ్లజోడు సవరించుకుని.

"ఆయననే."

నీలమ్మ భర్త భిక్షం కామెర్లతో పోయి ఐదేళ్లయింది. కృష్ణానగర్‌లో ఆ గది ఖాళీ చేసి మోతీనగర్‌లో తన దగ్గరికి వచ్చెయ్యమని అరుణజ్యోతి, మాధాపూర్‌లో ఉద్యోగం దొరికిన దగ్గర్నుంచీ తల్లి ప్రాణం తీస్తోంది. "మీ నాయన షూటింగ్ అయిపోలే కదనే" అనేది నీలమ్మ. అది నిజమే. అరుణ వారం ఆగి మళ్లీ అడిగేది.

"ఆగితె ఆగనీ టీచరమ్మా, ఆగుడు కాదు నా బాధ" అంది నీలమ్మ. "ఏ బటన్ వత్తితె ఇటు తిరుగుతడు?"

శ్యామలాదేవి రిమోట్‌ను పైనుంచి కిందిదాకా చదివింది. అలాంటి బటన్ లేదు.

"ఎన్ని సినిమాల్ల చేసిండో! గుంపుల నిలబడుడే, అన్నిట్ల వీపే. సినిమాకు పోదాం దా అని పిలుస్తుండె. నీ వీపు చూడనీకి టిక్కెట్ కొనాల్నా, ఇంట్ల రోజు చూస్తలేనా అన్న. నవ్విండు గని, మళ్ల పిలువలే." నీలమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "గీ షూటింగ్ పొద్దు గూడ కొట్లాడిన. బువ్వ ముట్టకుండ పోయిండు."

"రాత్రి ఇంటికొచ్చాక తిన్నాడుగా?"

"ఇంటికొచ్చినాయనకు పెట్టిన. గీయనకు ఎవరు పెడ్తరు?"

శ్యామలాదేవి డిస్క్ అట్ట తిప్పి పేరు చదివింది. తెలిసిన పేరే.

సినిమా మొదలైన రోజు కొబ్బరికాయ కొడతారు. ముగిసిన రోజు గుమ్మడికాయ కొడతారు. అది కొట్టి ప్యాకప్ చెబితేనే అందరూ తమ తమ ఇళ్లకు వెళతారు. ఈ సినిమాకు ప్రొడక్షన్ మేనేజర్ శ్యామలాదేవి భర్త చలపతిరావే. ఆఖరి రోజున బూడిద గుమ్మడికాయ కారులో సిద్ధంగా ఉండగా నిర్మాతా దర్శకుడూ తగువుపడి చెరో దారిన పోయారు. కాయ ఇంటికొచ్చింది. తర్వాతెప్పుడో ఉన్న ముక్కలు అతికించి, సినిమాను డిస్కుల మీద అమ్మేశారు.

"వృథాగా ఎందుకు పారెయ్యడమని ఆ కాయతో వడియాలు పెట్టేశానే, నీలమ్మా."

"నాక్గూడ ఇచ్చిన్రు. మంచిగుండె."

"మా ఆయన ఒక్కటీ నోట పెట్టలేదు. ఉప్పు ఎక్కువైందేమో అనుకున్నాను." ఇప్పుడు అడుగుదామన్నా చలపతిరావు లేడు. "కాయ ఇప్పుడైనా కొట్టొచ్చు. కొడితే షూటింగ్ అయిపోతుంది. అయిపోతే..."

"పోతడు."

నీలమ్మ డిస్క్ చెంగులో చుట్టుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత కొన్నాళ్లు కాఫీ దగ్గర ఆ ఊసే ఎత్తలేదు. శ్యామలాదేవీ కదపలేదు. ఒక పొద్దున చెప్పుల జత గుమ్మం దగ్గర విడుస్తూనే నీలమ్మ అంది, "చెయ్యి నొస్తున్నట్టుంది టీచరమ్మా. బకెట్ ఎడమ చేతికి మార్చిండు."

మర్నాడు ఎర్రగడ్డ మార్కెట్ నుంచి గుమ్మడికాయ తెచ్చింది. ఇంకో చేతిలో టిఫిన్ డబ్బా. అందులో వేడి అన్నం, గోంగూర పప్పు. నిన్నటి నుంచీ ఆమె పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు, మొదటి ముద్ద ఆయన తిన్నాకే అనుకుంది.

డిస్క్ వేశారు. పెళ్లి భోజనాల దగ్గర ఆగింది. నీలమ్మ కాయ మీద కర్పూరం వెలిగించి, టీవీకి ముమ్మారు తిప్పి దిష్టి తీసి, వాకిట్లోకి తీసుకుపోయి రెండు చేతులా ఎత్తి కొట్టింది. బడి వదిలేటప్పటి గొంతుతో శ్యామలాదేవి కేక వేసింది, "ప్యాకప్!"

హీరో కదల్లేదు. వెనక పంక్తి కదిలింది. విస్తళ్ల ముందున్న వాళ్లు నడుములు విరుచుకుంటూ లేచారు. ఒకాయన పెట్టుడు మీసం పీకి జేబులో వేసుకున్నాడు. అందరూ పక్కకు తప్పుకున్నాక భిక్షం బకెట్ కింద పెట్టి, ఇటు తిరిగాడు.

చిక్కిపోయాడు. పరుగున వచ్చిన నీలమ్మ డబ్బా మూత తీసి టీవీ ముందు పట్టుకుంది. అతను నడుచుకుంటూ అద్దం దాకా వచ్చి, ఆమెను చూసి పెదవులు కదిపాడు. మాట వినిపించలేదు. శ్యామలాదేవి గబగబా వంగి వైర్లు చూసింది.

"ఎరుపూ తెలుపూ సరిగ్గానే ఉన్నాయి, నీలమ్మా. వెనక నిలబడే వాళ్ల మాట ఎవరూ రికార్డు చెయ్యరు."

నీలమ్మకు ఆ మాట వినబడాల్సిన అవసరం లేదు. షూటింగ్ నుంచి వచ్చి, గుమ్మంలో చెప్పులు విడుస్తూ రోజూ అడిగే మాటే.

తిన్నవా?

ఆమె అడగాలని తెచ్చుకున్న మాటను అతను ముందే అడిగేశాడు.

"తిన్న" అంది నీలమ్మ.

భిక్షం తలూపాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, మిగతా వాళ్లు వెళ్లిన వైపే వెళ్లిపోయాడు. పెళ్లికూతురి కన్నీటి బొట్టు చెంప మీది నుంచి జారింది. సినిమా సాగిపోయింది.

నెలాఖరుకు నీలమ్మ కృష్ణానగర్ గది ఖాళీ చేసి కూతురి దగ్గరికి చేరింది. మోతీనగర్ నుంచి రెండు బస్సులు మారి పనికి వస్తోంది. డిస్క్ మళ్లీ ఎక్కడా ఆగలేదు. పెళ్లి సీనులో ఇప్పుడు వెనకాల ఎవరూ లేని విస్తళ్లు, నేల మీద ఒక బకెట్ కనిపిస్తాయి, అంతే.

"నేను తినలే అంటె ఆయన ఆగుతుండె, టీచరమ్మా" అంది నీలమ్మ ఒక రోజు, కాఫీ గ్లాసు కింద పెట్టి.

శ్యామలాదేవి తన గ్లాసు కూడా కింద పెట్టింది. తెలిసి తెలిసి తప్పు చెప్పే అలవాటు ఆమెకు బళ్లో కూడా లేదు.

"ఆగేవాడు" అంది.