మాటకు తరిగే దారి

ఈ సంగతి మొదట చెప్పింది క్వారీ దారి మొదట్లో పంక్చర్లు వేసే అతను. అతనికి చెప్పింది సాక్షాత్తు లేతు మేస్త్రే. ట్యూబుకి వేసిన అతుకు ఆరేదాకా బల్ల మీద కూర్చుని, ఎవరూ అడక్కుండానే చెప్పాడు. టీ కొట్టు దగ్గర చేరేవాళ్లు ఇంకోలా చెబుతారు. బండి దారిలో ఆగిపోయిందంటారు. అది పచ్చి అబద్ధం. ఆ మోటారు సైకిలు ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా దారిలో ఆగలేదు. మేస్త్రి బండి అది. ఆగడానికి దానికి ధైర్యం చాలదు.

మేస్త్రి అంత గట్టి మనిషి. లేతు మీద తీసిన కడ్డీలో వెంట్రుకవాసి తేడా ఉన్నా తుక్కులో పారేసి మళ్లీ మొదలుపెట్టేవాడు. మనుషుల దగ్గరా అదే కొలత. ఎప్పుడో పానా అడిగి తీసుకెళ్లి రెండు రోజులు ఆలస్యంగా తెచ్చిచ్చినవాడితో ఇప్పటికీ మాటల్లేవు.

అలాంటివాడికి ఒకే ఒక్క స్నేహితుడు టైలరు. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చున్నారు, ఒకే తరగతి తప్పారు, ఒకే రోజు బడి మానేశారు. టైలరు మాటకారి. కొలత తప్పి చొక్కా బిగుతైతే, "బట్టదేం తప్పు లేదండీ, ఈమధ్య మీ ఇంట్లో వంట బాగుంటోంది" అనేవాడు. బిగుతు చొక్కా తొడుక్కుని నవ్వుకుంటూ పోయేవాళ్లు జనం.

ఆదివారం పొద్దున్నే మేస్త్రి బండి టైలరు గుమ్మం ముందు ఆగేది. వెనక సీటు మీద టైలరు, ఒళ్లో వానపాముల డబ్బా, భుజాన రెండు గాలాలు. పెద్ద రోడ్డు వదిలేసి చేల మధ్య మట్టిదారి పట్టేవాళ్లు. రాళ్లు తవ్వి వదిలేసిన పాత క్వారీ ఉంది, నిండా నీళ్లు. ఆ దారి అక్కడికే పోతుంది.

ఆ దారికి ఒక గుణం ఉంది. మామూలుగా పోయేవాళ్లకి అది పన్నెండు కిలోమీటర్లు. వీళ్లిద్దరూ కబుర్లాడుకుంటూ పోతే నాలుగు. నవ్వులు ఎక్కువైతే మూడున్నర. మేస్త్రి మీటరు చూసి మరీ చెప్పేవాడు. పాలవాడికి ఈ కిటుకు తెలుసు కాబట్టి వాళ్ల వెనకే సైకిలు తొక్కేవాడు. "టైలరు గారూ, ఆ ముక్క ఇంకోసారి చెప్పండి, పాలు విరిగేలా ఉన్నాయి!" అని కేకేసేవాడు. దూరం రాళ్లు పాతేవాళ్లు రెండుసార్లు పాతి, లెక్క కుదరక మూడోసారి పీక్కుపోయారు.

క్వారీ దగ్గర మాటలుండవు. బెండు నీటి మీద తేలుతుంటే చూస్తూ కూర్చోవడమే. బండ వేడెక్కేదాకా కూర్చునేవాళ్లు. టైలరుకి కునుకు పట్టేది. అతని గాలానికి చేప తగిలితే మేస్త్రి మోకాలితో పొడిచి లేపేవాడు. వాళ్లిద్దరికీ ఒక పద్ధతి ఉంది. గాలం వేసినవాడు చేపని అలసగొట్టి ఒడ్డుకి లాగాలి, వలతో ఎత్తేది రెండోవాడు. గాలం వేసినవాడు చేప ఊపిరి ఆగేదాకా దాన్ని ముట్టుకోకూడదు. ఎందుకో ఇద్దరికీ తెలీదు. మొదటి రోజు అలా జరిగింది, అదే ఖాయమైపోయింది.

ఆ పద్ధతే కొంప ముంచింది. ఎనిమిదేళ్ల కిందట మేస్త్రి గాలానికి మనిషంత వాలుగ చేప పడింది. గంటన్నర పట్టింది లాగడానికి. అరచేతులు చీరుకుపోయాయి. టైలరు వలతో ఎత్తి, ఆ ఊపులో దాన్ని రెండు చేతుల మీదికి తీసుకుని నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే, క్వారీ ఫొటోలకని వచ్చిన పేపరతను కెమెరా నొక్కాడు. మర్నాడు పేపర్లో 'టైలరు పట్టిన మహా వాలుగ' అని పడింది. ఫొటో అంచున మేస్త్రి మోచెయ్యి ఉంది. అంతే, మోచెయ్యి.

టైలరు దానికి ఫ్రేము కట్టించి కుట్టు మిషను పైన గోడకి వేలాడదీశాడు.

"నేనేం చెప్పలేదురా, వాళ్లే రాసుకున్నారు," అన్నాడు.

"కాదని చెప్పకపోవడం అంటే అవునని చెప్పడమే," అన్నాడు మేస్త్రి.

ఆ తరవాత కూడా ఆదివారాలు ఆగలేదు. ముందు మానేసినవాడు ఓడినట్టు కదా. బండి గుమ్మం ముందు ఆగేది, టైలరు ఎక్కేవాడు, ఎవరి నోటికి వాళ్లు తాళం వేసుకునేవాళ్లు. దారి మెల్లగా సాగడం మొదలుపెట్టింది. పన్నెండు పద్నాలుగైంది, పద్నాలుగు పద్దెనిమిదైంది. పాలవాడు పెద్ద రోడ్డు పట్టాడు. దారిలోనే డబ్బాలో వానపాములు ఎండిపోయేవి.

టైలరు భార్య ఒకసారి గుమ్మంలో అడ్డం నిలబడింది. "అన్నయ్యా, మాట్లాడుకుని ఏడవండి. ఈయన ఇంటికి చేరేసరికి అన్నం ఎండి గింజకట్టుకుపోతోంది."

"ఆయన్నే అడుగు చెల్లెమ్మా, ఏం మాట్లాడాలో," అన్నాడు మేస్త్రి. టైలరు వానపాముల డబ్బా అందుకుని బండెక్కాడు.

ఆఖరి ఆదివారం, ఎండ ఇంకా ముదరలేదు. క్వారీ బండ మీద టైలరు ఎడమ భుజం పట్టుకున్నాడు. చొక్కా వీపుకి అంటుకుపోయింది.

"ఒరేయ్, పోదాం. గుండెలో ఎవరో సూది పెట్టి కుడుతున్నట్టుంది."

మేస్త్రి గాలం దారం చిక్కుపడకుండా పద్ధతిగానే చుట్టాడు. టైలరుని ఎక్కించి, తువ్వాలుతో తన నడుముకి కట్టుకుని బండి తీశాడు. ఆస్పత్రి ఊరివైపు దారి చివరనే. నీళ్ల ట్యాంకు పక్కన తెల్ల గోడ.

కొంత దూరం పోయాక వీపు మీద గడ్డం ఆనించి టైలరు గొణిగాడు.

"గుర్తుందిరా? బండి కొన్న మొదటి రోజు... బ్రేకు ఎక్కడుందో తెలీక గడ్డివాములోకి దూరిపోయాం. నువ్వు బయటికొచ్చి, 'ఇక్కడే ఆపుదామనుకున్నా' అన్నావు..."

మేస్త్రికి నవ్వు గొంతు దాకా వచ్చింది. దారి గట్టిగా ముడుచుకుంది. రెండు కిలోమీటర్ల అవతల ఉండాల్సిన కల్వర్టు చక్రం కిందికొచ్చింది. ట్యాంకు కనిపించింది. ఇంకో నవ్వు నవ్వితే ఆస్పత్రి గేటు.

మేస్త్రి ఎనిమిదేళ్లుగా ఆ ఒక్క మాట కోసం ఎదురుచూసిన మనిషి. దారి దగ్గరైందని చూశాడు, వాడు మెత్తబడ్డాడనీ చూశాడు. ఇప్పుడు అడిగితే చెప్పేస్తాడు, చెప్పేస్తే దారంతా తనే నవ్విస్తూ తీసుకుపోవచ్చు అనుకున్నాడు. సరిగ్గా ఇలాగే అనుకున్నానని పంక్చరతనితో చెప్పాడు.

"ముందు ఆ వాలుగ ఎవరు పట్టారో చెప్పు."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. ఒక్క ముక్క."

వెనక నిశ్శబ్దం. ట్యాంకు వెనక్కి జరిగింది. తెల్ల గోడ మాయమైంది. బండి అదే వేగంతో పోతోంది, చేలు మాత్రం తరగడం లేదు. మీటరు తొమ్మిది చూపించింది, పదమూడు చూపించింది.

"నువ్వే పట్టావురా," అన్నాడు చివరికి టైలరు. "మా ఆవిడకి మాత్రం చెప్పకు. జన్మలో ఆ ఒక్కసారే నా గురించి నలుగురి దగ్గరా గొప్పగా చెప్పుకుంది. అందుకే... నోరు రాలేదు."

మేస్త్రి గెలిచాడు. గెలిచినవాడికి నోటినిండా మాటలొచ్చాయి. గడ్డివాము ముక్క మొదట్నించీ చెప్పాడు. బడి మానేసిన రోజు చెప్పాడు. బిగుతు చొక్కాల సంగతి చెప్పి తనే పగలబడి నవ్వాడు. "ఒరేయ్, నవ్వరా! ఒక్కసారి నవ్వు!" అని అరిచాడు. వీపు మీద గడ్డం అటూ ఇటూ ఊగింది. దారి అంగుళం తరగలేదు. ఒక్కడి మాటలకి తరిగే దారి కాదది.

ఆస్పత్రి గేటు చేరేసరికి మీటరు ఇరవై ఆరు. డాక్టరు నాడి చూసి, కళ్లు చూసి, "అరగంట ముందు తెచ్చుంటే," అని ఆగిపోయాడు.

కాంపౌండరు లావుపాటి పుస్తకం తెరిచాడు. "ఆలస్యానికి కారణం?"

ఇంకొకరి తప్పు వెంట్రుకవాసి ఉన్నా ఊరుకోని మేస్త్రి తువ్వాలు ముడి విప్పుకుంటూ నిలబడ్డాడు. కాంపౌండరు తనకి తోచినట్టు 'దూరం' అని రాసుకున్నాడు.

టైలరు భార్య ఏడుస్తూనే మేస్త్రిని ఓదార్చింది. "నువ్వు మాత్రం ఏం చేస్తావన్నయ్యా, ఆ దారి అలాంటిది." ఆవిడకీ చెప్పలేదు. వాలుగ సంగతీ చెప్పలేదు, దారి సంగతీ చెప్పలేదు. మొదటిది టైలరు వద్దన్నందుకు. రెండోదానికి పేరు పెట్టడానికి పంక్చరతనికి మనసు రాలేదు. పిరికితనం అని ఇక్కడ రాస్తున్నాం.

ఆస్పత్రి పుస్తకంలో ఇప్పటికీ దూరం అనే ఉంది. బండి మీద నెపం పెట్టేవాళ్లు ఎలాగూ వినరు. చదువొచ్చినవాళ్లు ఎవరైనా అటు వెళ్తే, ఆ పుస్తకం అడిగి తీయించి, ఆ మాట అడ్డంగా కొట్టేసి సరిగ్గా రాయండి. ఆ పొద్దుటి దారి నాలుగు కిలోమీటర్లు. మిగతా ఇరవై రెండూ మేస్త్రివి.