చివరి పదహారు పేజీలు

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. బైండింగమ్మ కీడెంచడం దగ్గరే ఆగిపోయేది. మేలు దాకా వెళ్ళడానికి ఆవిడకి తీరికుండేది కాదు. బస్సు డ్రైవరైన మొగుడు కాస్త ఆలస్యమైతే బస్సు లోయలో పడ్డట్టే. కూతురు రెండుసార్లు తుమ్మితే ఊపిరితిత్తులు చెడినట్టే.

“నువ్వు పుట్టగానే ఏడ్చింది పాలకోసం కాదే, పైకప్పు కూలుతుందేమోనని,” అనేవాడు మొగుడు.

ఆవిడ పని పుస్తకాలకు గట్టి అట్టలు వేయడం. లైబ్రరీ వాళ్ళు కొన్న కొత్త నవలలు బీరువా ఎక్కకముందే ఆవిడ పనిచేసే బైండింగు షాపుకొచ్చేవి. పల్చటి అట్ట ఊడదీసి, ఫారాలు, అంటే పదహారేసి పేజీల మడతలు, విడదీసి, సూదీ దారంతో మళ్ళీ కుట్టి, జిగురు రాసి, గట్టి అట్టలో దించాలి. అది ఆరి లైబ్రరీకి వెళ్ళేలోపు ఒక్కో పుస్తకం సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చేది. షాపు మేస్త్రి చూసీ చూడనట్టు ఊరుకునేవాడు.

తెచ్చేది కూతురి కోసం. ఒక చోట నిలవదని ఆ పిల్లని చిన్నప్పటి నుంచీ మిడత అనేవారు. పుస్తకం చేతిలో పడితే మాత్రం ఇల్లు తగలబడినా కదిలేది కాదు. అంగారకుడి మీద దుక్కి దున్నేవాళ్ళు, నీడల్ని తూకానికి అమ్మే మంత్రగత్తెలు, రెక్కలు మొలిచి బడికెళ్ళలేక తిప్పలుపడే పిల్లలు, అందరూ ముందు మిడతకే పరిచయమయ్యేవారు.

“దీన్ని లైబ్రరీలో ఇంకా ఎవరూ చదవలేదే అమ్మా! మొదటి కన్ను నాదే!” అనేది, కొత్త కాగితం వాసన చూస్తూ.

తల్లి చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయింది. అయినా పిల్లకిచ్చే ముందు, ఫారాలు విడిగా ఉండగానే, వాక్యం కింద వేలు పెట్టుకుని తానూ చదివేది. రాక్షసులంటే ఆవిడకి భయం లేదు. రాక్షసులు తలుపు తట్టి వస్తారా? ఆవిడ భయం వేరు. పైచదువుకి వేరే ఊరు వెళ్తానని, అక్కడ హాస్టల్లో ఉంటానని మిడత ఆ మధ్యే నోరు జారింది. తల్లి తిండి మానేసింది. పిల్ల ఆ మాట మళ్ళీ ఎత్తలేదు, మానుకున్నాననీ అనలేదు.

సరిగ్గా అప్పుడే ఆ నవల వచ్చింది. సముద్రం అడుగున గాజు ఊరు. అందులో ఒక పిల్లకి నక్షత్రాల మాటలు వినిపిస్తాయి. పైకి వెళ్ళే ఓడ వస్తుంది. తల్లి గుమ్మంలో నిలబడి “పోకమ్మా” అంటుంది. ఆ ఒక్క మాటతో ఆ అధ్యాయం అయిపోతుంది. తర్వాతి అధ్యాయంలో పిల్ల ఓడెక్కుతుంది. వెనక్కి చూడనైనా చూడదు.

ఆ చివరి అధ్యాయం చివరి ఫారంలో సరిగ్గా మొదటి పేజీ నుంచి మొదలైంది, ఎవరో కావాలని సర్ది పెట్టినట్టు. బైండింగమ్మ సూది ఆగింది. ఆ ఫారం పక్కన పెట్టి మిగతావి కుట్టేసింది. చించి పారేయడానికి చెయ్యి రాలేదు. తెచ్చి ట్రంకుపెట్టెలో చీరల కింద దాచింది.

మిడత పుస్తకం ముగించి అట్ట మూసింది.

“ఎలా ఉందే?” అంది తల్లి, గిన్నెలు తోముతూ.

“ఇలాంటిది చదవలేదమ్మా. లైబ్రరీలో దీని గురించే చెప్తా. నువ్వూ రా.”

నెలకో ఆదివారం లైబ్రరీలో పిల్లలు చేరి తమకి దొరికిన కొత్త నవలల గురించి చెప్పుకునేవారు. తల్లి వెళ్ళి వెనక బెంచీలో కూర్చుంది. మిడత లేచి నిలబడింది, ఆ పుస్తకమే చేతిలో పట్టుకుని.

“అందరూ చివర్లో అన్నీ చెప్పేస్తారు. ఈ రచయిత్రి గుమ్మం దగ్గర ఆపేసింది. వెళ్తుందో ఉంటుందో మనకే వదిలేసింది. నాకైతే ఉండిపోయిందనే అనిపించింది. అమ్మ అలా అడిగితే ఎవరికి కాళ్ళు కదుల్తాయి చెప్పండి?”

తల్లి కళ్ళు చెమ్మగిల్లాయి. ఎంచిన కీడు తప్పిపోవడం ఆవిడ బతుకులో అదే మొదటిసారి.

ముందు వరసలో కళ్ళద్దాల అమ్మాయి సొంతంగా కొనుక్కున్న ప్రతి పైకెత్తింది. “ఆగడమేంటి? ఓడెక్కి చక్కా పోయిందిగా! ఇంకో అధ్యాయం ఉంది తల్లీ.”

“ఆకలేసి మధ్యలో లేచిపోయుంటుంది,” అన్నారెవరో. గదంతా గొల్లున నవ్వింది. లైబ్రరీ మాస్టారు కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు.

మిడత నవ్వలేదు. పుస్తకం చివర తెరిచింది. వెన్ను దగ్గర వేలితో తడిమింది. పేజీలు చిరిగిన జాడ లేదు, కుట్టు అక్కడితోనే ముగిసింది. దారానికి జంటముడి వేసి కొస లోపలికి దోపే అలవాటు షాపులో ఒక్కరిదే. ఉయ్యాల నాటి నుంచీ చూసిన ముడి. తలెత్తి సూటిగా వెనక బెంచీ వైపు చూసింది.

ఇంటికొచ్చాక తల్లి పెట్టె తెరిచి ఆ ఫారం తెచ్చి ఇచ్చింది. మిడత అందుకోలేదు.

“ఇప్పుడెందుకు? అందరూ నవ్వుతూ చెప్పేశారుగా.”

“నువ్వెళ్ళిపోతావేమోనని… భయమేసిందే.”

“ఇంకా ఎన్నిటికి చేశావు?”

“ఇదొక్కటేనే. నీ మీదొట్టు.”

“ఆ నోటితోనేగా ‘ఎలా ఉందే’ అని అడిగావు,” అంది మిడత. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే తల్లికి కాస్త ఊపిరాడేది. “అంగారకుడి కథ నిజంగా అక్కడే అయిపోయిందా? నీడల ఆవిడ నిజంగానే చచ్చిపోయిందా? చిన్నప్పటి నుంచీ నువ్విచ్చినవే కదమ్మా చదివాను. ఏది మొత్తమో ఏది సగమో ఇప్పుడెలా తెలుస్తుంది నాకు?”

“అన్నీ మొత్తమే తల్లీ…”

“అంతేలే. నువ్వు చెప్తే నమ్మాలిగా.”

మొగుడు నీళ్ళగ్లాసు పట్టుకుని వచ్చాడు. ఏదో హాస్యమాడబోయి, ఇద్దరి మొహాలూ చూసి, గ్లాసుతోనే వెనక్కి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఆవిడ పుస్తకం విప్పి, ఫారం చేర్చి, మళ్ళీ కుట్టి లైబ్రరీకి ఇచ్చేసింది. హాస్టల్ మాట ఈసారి మిడత తండ్రితో మాట్లాడి ఖాయం చేసుకుంది. తల్లిని అడగలేదు, చెప్పింది.

మిడత బయల్దేరే ముందు షాపుకి కొత్త పుస్తకాల కట్ట వచ్చింది. బైండింగమ్మ అన్నిటికన్నా లావుపాటిది ఏరి, ఇంకా జిగురు వాసన పోని దాన్ని తెచ్చి కూతురి ముందు పెట్టింది. “మొదటి కన్ను నీదే,” అంది.

మిడత పుస్తకం తీసుకుంది. మొదటి పేజీ తెరవలేదు. వెన్ను పైకి తిప్పి, కుట్టు వెంట గోరు జరుపుతూ ఫారాలు లెక్కపెట్టింది. ఫారానికి పదహారు చొప్పున మనసులో లెక్కేసి ఆఖరి పేజీ నంబరుతో సరిచూసుకుంది, ఆ పేజీలో ‘సమాప్తం’ ఉందో లేదో కూడా చూసింది.

“సరిగ్గానే ఉంది,” అని పుస్తకం తల్లి ఒళ్ళో పెట్టేసి, బట్టలు సర్దుకోవడానికి లేచింది.