కుదురులేని పిట్ట

రెండు పిట్టలూ నల్లగానే వచ్చాయి. బస్టాండు పక్క నెట్ షాపులో కలర్ ఇంకు అయిపోయిందట. ఆ ముక్క షాపు కుర్రాడు దిలీప్ ప్రింటు చేతిలో పెట్టాక చెప్పాడు.

ప్రత్యూషకు ఒళ్లు మండింది. హమ్మింగ్‌బర్డులట, అమెరికా పిట్టలు, బొటనవేలంతే ఉంటాయి. ఒకదాని గొంతు ఎరుపు. రెండోదానిది నలుపు, కింద ఊదారంగు పట్టీ. ఆ రంగు తీసేస్తే రెండూ అచ్చు గుద్దినట్టే. రేపు మూడో క్లాసులో కూతురు మహతి చార్టు పట్టుకుని నిలబడి తేడా చెప్పాలి. పోయినసారి లెక్క తప్పితే టీచరు "ఇంట్లో చెప్పేవాళ్లు లేరా?" అందిట. తొమ్మిదితో బడి మానేసిన ప్రత్యూషకు ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

"రెండూ ఒకలాగే ఉన్నాయి. ఒకటి అంటించి ఊరుకో," అంది అత్త మహాలక్ష్మమ్మ.

"తేడా సెప్పమన్నారత్తా. ఒక్క పిట్టకి తేడా ఏటుంటది?"

"అయితే కుంకం రాయి."

ఎర్ర క్రేయాను ఎప్పుడో అరిగిపోయింది. గత్యంతరం లేక కుంకుమ తడిపి ఒక గొంతుకు పూసింది. అందులోనే నీలిమందు చుక్క కలిపి రెండోదానికి పట్టీ గీసింది. కుదిరిందనుకునేలోగా, ఆరకుండానే మహతి చార్టు చుట్టేసింది. విప్పితే రెండు పిట్టలూ గొంతులు కోసినట్టున్నాయి.

"ఎవరు సుట్టమన్నారే నిన్ను?"

"నలిగిపోద్దని," అంది మహతి, కుర్చీలో కాళ్లు ఊపుకుంటూ.

"ముందా కాళ్లు ఆడించడం ఆపు."

ఇంకే తేడా అయినా దొరక్కపోతుందా అని ప్రత్యూష ఫోన్లో వీడియో మళ్లీ పెట్టింది. మళ్లీ, ఇంకోసారి. పువ్వు ముందు గాలిలో నిలబడ్డప్పుడు ఎర్రగొంతుది తోక పెద్దగా కదపదు. నల్లగొంతుది పైకీ కిందకీ ఆడిస్తూనే ఉంది. ఇంకో రెండు వీడియోలు చూసింది. అదే వరస.

"ఒసే, ఇటు రా. సూడు, ఇదీ నీలాగే."

మహతి చూసింది. "మరి కాగితమ్మీద తోకెలా ఆడుద్ది?"

"నువ్వు ఆడించి సూపించు."

మర్నాడు సాయంత్రం గేటు దగ్గర టీచరే ఎదురొచ్చింది.

"చార్టు మీరేనా చేసేరు?"

"నేనేనండి."

"గొంతు రంగు చెప్పాలండీ. సగం మార్కులే ఇచ్చేను. అది సరే, పొద్దున్నుంచీ క్లాసంతా లేచి నడుములు ఆడిస్తన్నారు. కూచోమంటే, నల్లగొంతు పిట్టలం మేడం అంటన్నారు. ఎవరు నేర్పేరే అంటే, 'మా అమ్మ' అంది మీ గుంట మహతి." టీచరు తల పట్టుకుంది. "వీడియో చూసేను లెండి. ఆడిస్తంది, నిజమే. ఇప్పుడు వీళ్లనెలా ఆపను?"

ప్రత్యూష మహతిని తీసుకుని బయల్దేరింది. దారంతా గొణుగుతూనే ఉంది. "నిజమేనట. మరి సగమేటి?"

ముందు మహతి నడుము ఆడించుకుంటూ నడుస్తోంది.

"రోడ్డుమీద కుదురుగా నడు." చెరకు ట్రాక్టరు దాటేదాకా చెయ్యి గట్టిగా పట్టుకుంది. దాటాక వదిలేసింది.