కొలతకు నిలిచిన నెత్తురు

ఆమ్లపు తొట్టిలో రాత్రంతా నానిన గాజుగొట్టాలను జ్ఞానమణి ఒక్కొక్కటిగా పైకి తీసి కుళాయి ధార కింద పట్టింది. లోపలా వెలుపలా నీరు పారించి, తరువాత డిస్టిల్డ్ వాటర్‌తో మళ్లీ కడిగి, గొట్టాన్ని కిటికీ వెలుగుకు ఎత్తి చూసింది. నీరు గాజుగోడ మీద సన్నని పొరలా, ఎక్కడా తెగకుండా జారిపోవాలి. చుక్కలుగా విడిపోయి నిలిచిందంటే అక్కడ జిడ్డు ఉన్నట్టే. అలాంటి గొట్టం తిరిగి ఆమ్లంలోకి పోవలసిందే. ఆనాడు ఒక్కటీ తిరిగి పోలేదు. అయినా ఆమెకు మునుపటి తృప్తి కలగలేదు. చేయి ఎత్తినప్పుడల్లా భుజం బరువెక్కి, కిటికీ చువ్వలు కళ్ల ముందు అలల్లా కదిలాయి.

సన్నని మనిషి. నీలంచు తెల్లచీర, భుజం దగ్గర ఇత్తడి పిన్నీసు. గోళ్లు ఆమ్లం కాటుకు తుప్పురంగు తేలి, వేళ్ల కొసలు బీటలు వారి ఉంటాయి. జుట్టు కొబ్బరిపీచులా పొడిబారి ఉంటుంది. శనివారం సాయంకాలం తప్ప ఆమె తలకు నూనె రాసుకోదు. ఆదివారం ఆరాధనకు నున్నగా దువ్వుకొని వెళ్లి, ఇంటికి రాగానే కుంకుడుకాయలతో ఆ జిడ్డంతా వదలగొట్టుకుంటుంది. నూనె తలను తాకిన చేయి గాజును తాకరాదు. ఆ గదిలో సబ్బు కూడా నిషిద్ధమే. కడిగే పని చేసే మనిషికి సబ్బు ముట్టకూడదనడం విన్నవారికి వింతగా ఉంటుంది. కానీ తూర్పు మారేడుపల్లిలోని ఆ చిన్న ప్రయోగశాలలో డాక్టర్ రామభద్రరావుగారు కొలిచేది మనిషి రక్తంలోని కొవ్వు ఆమ్లాలను. సబ్బు పుట్టేదీ కొవ్వు నుంచే. గొట్టం అడుగున గోరంత సబ్బు మిగిలినా అది రోగి నెత్తుటిలో కొవ్వుగా లెక్కకు వచ్చి, లేని జబ్బును అతనికి అంటగడుతుంది. ముందుగా కొలిచి తెలుసుకుంటే గుండెనూ చక్కెర వ్యాధినీ అదుపులో ఉంచుకోవచ్చని డాక్టరుగారి విశ్వాసం. ఆ విశ్వాసం నిలవడానికి గొట్టాలు శుభ్రంగా ఉండాలి. వాటిని శుభ్రంగా ఉంచడమే జ్ఞానమణి జీవితం.

ఆమె తండ్రి బొల్లారంలో దొరల బంగళాలో వంటవాడు. పెనిమిటి జీవరాజు పెళ్లైన కొద్దికాలానికే టైఫాయిడుతో పోయాడు. పిల్లలు లేరు. మల్కాజ్‌గిరిలో రేకుల ఇంట్లో, తనవలెనే భర్త పోయిన వదిన రోసమ్మతో ఉంటూ, లోకల్ రైలులో సికింద్రాబాదుకు వచ్చి పోతుంటుంది. చెప్పుకోదగిన సంగతి ఆమె బతుకులో ఒక్కటే. ప్రయోగశాల తెరిచిన కొత్తలో డాక్టరుగారు అక్కడి వారందరి రక్తమూ పరీక్షించారు. ఎన్నిసార్లు చూసినా ఒక్క తీరుగా, హెచ్చుతగ్గులు లేకుండా నిలిచింది జ్ఞానమణి రక్తమే. నాటినుంచి అదే కొలబద్ద అయింది. ఏడాదికి కొన్నిసార్లు ఆమె రాత్రి భోజనం తరువాత ఏమీ తినకుండా వచ్చి రక్తం ఇస్తుంది. రక్తం గడ్డకట్టాక పైకి తేరే సీరాన్ని చిన్న చిన్న సీసాల్లో మంచుపెట్టెలో దాస్తారు. ప్రతి ఉదయం రోగుల గొట్టాల వరుసలో మొదటి గొట్టం ఆమెది. మందులు కలిపాక అందులో పల్చని గడ్డిరంగు వస్తేనే ఆ పూట మిగిలినవారి ఫలితాలు నమ్మదగినవి. రక్తం తీసే మేబెల్ ఆమెను "స్టాండర్డ్ ఆంటీ" అని పిలుస్తుంది. జ్ఞానమణి విననట్టు నటిస్తుంది గాని, ఆ మాట చెవిని పడిన రోజు ఆమె నడకలో కొంత నిటారుతనం కనిపిస్తుంది. నెత్తుటిలోనే ప్రాణముందనీ, కొవ్వు బలిపీఠానికి చెందినదనీ చిన్ననాడు ఆదివారపు బడిలో విన్న మనిషి. తన నెత్తురూ ఆ నెత్తుటిలోని కొవ్వూ పదిమందికి ప్రమాణంగా నిలవడం దేవుడు తనకు అప్పగించిన ఊడిగమని ఆమె నమ్మకం.

ఆ రోజు మళ్లీ రక్తం ఇవ్వవలసిన రోజు.

ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాలు నడుస్తున్నాయి. పొద్దున ఇంట్లో రోసమ్మ ఎప్పటిలాగే ఎత్తిపొడిచింది. "సంఘమంతా ఒక్కపూట మానితే నువ్వు రెండు పూటలా మానుతున్నావు మణీ. అందరికంటే ముందు పరలోకానికి పోయి చాపేసుకుంటావా ఏంటి?" జ్ఞానమణి నవ్వి, తలుపు దగ్గరగా వేసి బయలుదేరింది. ఆ నవ్వే ఆమె దాచుకున్న అబద్ధం. క్రిస్మసు నాటినుంచే ఆమెకు ముద్ద గొంతు దిగడం లేదు. మొదట అన్నం అడ్డుపడింది, తరువాత ఇడ్లీ, ఇప్పుడు పల్చటి జావ కూడా. శ్రమల దినాలు వచ్చేసరికి ఉపవాసమనే మాట చేతికందిన దుప్పటిలా దొరికింది. తినగలిగినవాడు మానితే అది దేవునికి అర్పణ. మింగలేక మానుతున్న తాను ఆ మాటను వాడుకోవచ్చునా అని రాత్రులు ఆమె మనసు ముల్లు గుచ్చుకున్నట్టు బాధపడేది. కానీ చెప్పుకుంటే ఆసుపత్రికి పంపుతారు, కోస్తారు, ఈ పని పోతుంది. ఉపవాసం నెత్తుటిని మరింత నిర్మలం చేస్తుందే తప్ప చెరపదని తనకు తానే సర్దిచెప్పుకుంది.

ప్రయోగశాలకు చేరి తాగిన గుక్కెడు నీళ్లు పసరుతో కలిసి వెంటనే తిరిగి వచ్చాయి. చీరంచు పాడైంది. మరుగుదొడ్డిలోని సబ్బుబిళ్ల తెచ్చి తొట్టి దగ్గరే అంచు ఉతుక్కుంది. చేతులూ తొట్టీ ఒకటికి పదిసార్లు కడిగింది. ఆ తరువాతే గొట్టాలు ముట్టింది. తడి సబ్బును మాత్రం కిటికీ గూట్లో మరిచిపోయింది.

మేబెల్ ఆమె చేతికి రబ్బరుపట్టీ కట్టి, నరం దొరకక రెండుమార్లు వెతికింది. "చెయ్యేంటి ఆంటీ, అగరుబత్తీలా అయిపోయింది?" అంది. ఉపవాసాలమ్మా అని జ్ఞానమణి బదులిచ్చింది. తరువాత రోగులు వచ్చారు. కంటోన్మెంటు బడి నుంచి రిటైరైన టీచరమ్మ ఆలిస్, మరికొందరు. బోయిన్‌పల్లి మార్కెట్టులో కూరగాయల బుట్టలు మోసే పోశెట్టి పరగడుపున అందరికంటే ఎక్కువ నీరసపడ్డాడు. చక్కెర వ్యాధి ఉన్న మనిషి. రక్తం ఇచ్చి లేవబోతూ గోడ పట్టుకొని కూలబడ్డాడు. జ్ఞానమణి అతని చేతికి చాయ్ గ్లాసూ బన్నూ అందించి, అతడు బన్నును చాయ్‌లో ముంచుకొని తింటుంటే చూస్తూ నిలబడిపోయింది. మింగడం అంత సులువైన పనా అని ఆమెకు ఆశ్చర్యం కలిగింది.

మధ్యాహ్నానికి రక్తాల నుంచి సీరం తేరింది. దానికి క్లోరోఫామూ రాగి ద్రావణమూ చేర్చి కుదిపి, చివరి మందు వేసి మేబెల్ గొట్టాల వరుసను వెలుగులో పెట్టింది. రోగుల గొట్టాల్లో రంగులు రకరకాలుగా తేలాయి. ఆ పొద్దున తీసిన జ్ఞానమణి సీరం పోసిన మొదటి గొట్టంలో మాత్రం గడ్డిరంగు లేదు. చాయ్ డికాషన్‌లా ముదిరిన రంగు నిలిచి ఉంది.

మేబెల్ కాసేపు దాన్నే చూసి, కడిగే తొట్టి వైపు నడిచింది. కిటికీ గూట్లో మెత్తబడిన సబ్బుబిళ్ల కనిపించింది. దాన్ని కాగితంలో పట్టుకొని వచ్చి డాక్టరుగారి బల్లమీద పెట్టింది. జ్ఞానమణి నుంచి చూపు తిప్పుకొని గొట్టాల దగ్గరికి పోయింది. ఆ చూపు తిప్పుకోవడమే జ్ఞానమణికి చెంపదెబ్బలా తగిలింది.

రామభద్రరావుగారు కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. కోప్పడే స్వభావం కాదు ఆయనది. "జ్ఞానమ్మా, సబ్బు వాడావా?" అని మెల్లగా అడిగారు.

చీర ఉతుక్కున్నానని చెప్పింది. అది నిజమే. గొట్టాల సంగతి ఆమె చెప్పలేదు, ఆయన అడగలేదు. తల వంచుకొని నిలబడింది. ఒక్క క్షణం ఆమెకు ప్రాణం తెరిపినపడినట్టయింది. చేతులు తప్పు చేశాయనుకుంటారు. చేతులు రేపు మళ్లీ శుభ్రంగా కడుగుతాయి. నెత్తురు మాత్రం మచ్చలేనిదిగానే మిగిలిపోతుంది. ఇన్నేళ్లుగా తాను కాపాడుకున్న రెండింటిలో ఒకదాన్ని ఇచ్చేసి రెండోదాన్ని దక్కించుకున్నట్టు తోచింది.

డాక్టరుగారు నిట్టూర్చి, రక్తం పట్టిన గొట్టాలు కూడా ఆమె కడిగినవే కనుక ఆ పూట తీసిందేదీ పనికిరాదని తేల్చారు. అన్నీ పారబోసి, అందరినీ మర్నాడు మళ్లీ పరగడుపున రమ్మని చెప్పమన్నారు. ఆ కబురు చెప్పవలసింది జ్ఞానమణే.

ఫలితం కోసం ఆగి ఉన్న ఆలిస్ టీచరమ్మ గొడుగు తీసుకుంది. పోశెట్టి మాత్రం బల్ల మీదనుంచి లేవలేదు. కోపం లేదు అతని గొంతులో, అలసటే ఉంది. "నిన్న పొద్దూకినప్పటి సంది నువ్వు ఇచ్చిన బన్ను తప్ప నోట్ల మెతుకు పెట్టలే అమ్మా. ఆకలైతే చేతులు వణుకుతయి, కండ్లు తిరుగుతయి. రేపు సుత గిట్లనే రమ్మంటే ఎట్ల? జెర సార్‌కు చెప్పరాదు."

ఆమె అతని చేతుల వైపు చూసింది. తాళ్లు ఒరుసుకొని కాయలు కాచిన అరచేతులు. ఆకలి వేసే మనిషి. తన అబద్ధం కాపాడుకోవడానికి ఈ మనిషి చేత రేపు మరొక ఉపవాసం చేయించాలి. అది ఎవరికి అర్పణ? ముంగిట్లో ఎండ తెల్లగా కాస్తోంది. జ్ఞానమణి టీచరమ్మను ఒక్క నిమిషం ఆగమని, పోశెట్టిని కూర్చోమని చెప్పి, లోపలికి నడిచింది. ఆ నాలుగడుగుల వసారా ఆమెకు ఎన్నడూ లేనంత పొడవనిపించింది.

మేబెల్ అప్పటికే గొట్టాల బుట్టను తొట్టి మీద వంచబోతోంది. జ్ఞానమణి ఆ బుట్టకు చేయి అడ్డం పెట్టింది.

"పారబొయ్యకు పాపా," అని డాక్టరుగారి వైపు తిరిగింది. "అయ్యగారూ, గొట్టాల్లో సబ్బు లేదండి. చెడింది నా నెత్తురు. మంచుపెట్టెలో పాతది ఉంది కదండీ, పొద్దున కడిగిన గొట్టాలు ఇంకా మిగిలాయి, వాటిలోనే వేసి చూడండి. క్రిస్మసు కాడ్నించి నాకు ముద్ద దిగడం లేదు. ఉపవాసమని చెప్పుకుంటున్నాను."

మంచుపెట్టెలో ఆమె పాత సీరం సీసాలు రెండే మిగిలి ఉన్నాయి. మేబెల్ ఒకటి తీసి అరచేతుల మధ్య పెట్టుకొని కరిగించింది. మందులు కలిపి, కుదిపి, వెలుగుకు ఎత్తింది. పల్చని గడ్డిరంగు. ఎప్పటి రంగే. గొట్టాలు నిర్మలం. పోశెట్టి ఫలితమూ ఆలిస్ ఫలితమూ ఆ పూట తేలినట్టే నిజం, వాళ్లు మర్నాడు మళ్లీ పరగడుపున రానక్కరలేదు.

మేబెల్ కళ్లు తుడుచుకుంటూ సారీ ఆంటీ అంది. డాక్టరుగారు కుర్చీ లాగి, ఇన్నేళ్లలో మొదటిసారి జ్ఞానమణిని తన ఎదుట కూర్చోబెట్టారు. నాలుక చూశారు, మెడ తడిమారు, కడుపు మీద చేయి వేసి చాలాసేపు తీయలేదు. తిండి అందనప్పుడు దేహం తన కొవ్వును తానే కరిగించి నెత్తుటిలోకి వదులుతుందనీ, ఆ ముదురు రంగు అదేననీ నెమ్మదిగా చెప్పారు. చమురు పోసేవారు లేని దీపం వత్తిని తినడం ఆమె ఎరిగినదే. అర్థమైందండీ అంది. మర్నాడే పెద్దాసుపత్రికి వెళ్లమని, తానే ఫోను చేసి చెబుతానని ఆయన అన్నారు. ఆయన గొంతులో ఆశ పాలు ఎంతో ఆమె అడగలేదు.

సాయంకాలం గొట్టాలను ఆమ్లపు తొట్టిలో నానవేసింది. సబ్బుబిళ్లను తీసుకెళ్లి మరుగుదొడ్డిలో దాని చోట పెట్టింది. మేబెల్ స్టేషను దాకా తోడు వచ్చింది. రైల్లో కూర్చోవడానికి చోటు దొరికింది. ఎదురుగా పెరుగన్నం డబ్బా విప్పిన ఆడమనిషి కొంచెం తినమ్మా అంటే, మొహమాటానికైనా ఉపవాసమని అనలేదు.

ఇల్లు చేరి కాళ్లు కడుక్కొని గడపలో కూర్చుంది. "వదినా, తలకి కాస్త నూనె పెడతావా?" అని అడిగింది.

రోసమ్మ పొయ్యి దగ్గరనుంచి తలెత్తింది. వారం మధ్యలో, పనిరోజున, ఈ మనిషి తలకు నూనె అడగడం ఆమె ఎన్నడూ ఎరగదు. "రేపు పనికి పోవా?" అంది. జ్ఞానమణి జుట్టు ముడి విప్పుకుంది. రోసమ్మ కొబ్బరినూనె సీసా తెచ్చి, వెనుక కూర్చొని, ఆ ఎండుజుట్టును పాయలు పాయలుగా విడదీసి నూనె ఇంకించింది. ఇద్దరూ దీపం వెలిగించే వేళ దాటేదాకా అలాగే ఉన్నారు.

బోయిన్‌పల్లి మార్కెట్టులోకి మామిడికాయల లారీలు దిగే రోజుల్లో, ఆసుపత్రి మంచం మీద, ఒక మధ్యాహ్నం జ్ఞానమణి నిద్రలోనే వెళ్లిపోయింది. సమాధి తోటకు డాక్టరుగారు వచ్చారు, మేబెల్ వచ్చింది. ఎవరు చెప్పారో, పోశెట్టి కూడా వచ్చి వెనుక వరుసలో తలపాగా విప్పి నిలబడ్డాడు.

ప్రయోగశాలలో కొలతకు ఇప్పుడు మరొకరి రక్తం వాడుతున్నారు. మంచుపెట్టె శుభ్రం చేసినప్పుడల్లా మేబెల్ అడుగు అరలోని ఒక చిన్న సీసాను పక్కకు తీసి, పని అయ్యాక మళ్లీ అక్కడే పెడుతుంది. గడువు దాటింది, ఇక దేనికీ పనికిరాదని ఆమెకూ డాక్టరుగారికీ తెలుసు. ఆయన చూసీ చూడనట్టు పోతారు. సీసాకు అంటించిన తెల్లని ప్లాస్టరు మీద జ్ఞానమణి అన్న పేరు సగం చెరిగిపోయింది. పేరుకున్న మంచును వేలితో తుడిస్తే, గాజు వెనుక గడ్డకట్టి, పల్చని గడ్డిరంగు.